నలభై దాటాక కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి: ఫాఫ్సా, పెల్, క్యాల్ గ్రాంట్, మధ్యలో మన బీకాం

మంజీర_2
8 నవంబర్ 2025, ఉదయం 9:14

కేసు వివరాలన్నీ ఒకేచోట పెడుతున్నా, మళ్లీ మళ్లీ అడిగే పని లేకుండా.

విద్యార్థిని వయసు 41. బే ఏరియా. గ్రీన్ కార్డు 2024లో వచ్చింది. ఇండియాలో మూడేళ్ల బీకాం, 2005లో పాసు. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్, 48 యూనిట్లు (క్రెడిట్లు) అయ్యాయి, జీపీఏ 3.6. స్ప్రింగ్‌లో మరో 12 తీసుకుంటే 60. సీఎస్‌యూకి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) 2026 ఫాల్ ట్రాన్స్‌ఫర్ అనుకుంటున్నారు. ఇద్దరు పిల్లలు, 13, 9. భర్త 2024 జీతం 84,000 డాలర్లు, ఇద్దరిదీ కలిపి జాయింట్ పన్ను రిటర్న్. మొన్న ఆగస్టులో ఉద్యోగం పోయింది. ఘట్‌కేసర్ దగ్గర ఇద్దరి పేరు మీద ఒక ప్లాటు, ఎన్ఆర్ఈ డిపాజిట్లు కొన్ని. ఇంతవరకు ఫాఫ్సా (ప్రభుత్వ విద్యా సాయం కోసం వేసే ఫారం) వేయలేదు, ఫీజు చేతినుంచే కట్టారు.

ఈ వయసులో సాయం వస్తుందా? వస్తే దేనికి, ఎప్పుడు అప్లై చేయాలి? బీకాం ఉండటం అడ్డమా?

ఫైలుపట్టు
8 నవంబర్ 2025, ఉదయం 10:02

వయసు అడ్డం కాదండీ, ఇక్కడ కలిసొచ్చేది కూడా. 2026-27 ఫాఫ్సాకి 2003 జనవరి 1కి ముందు పుట్టినవాళ్లంతా ఇండిపెండెంట్ విద్యార్థులే. తల్లిదండ్రుల ఆదాయం ఎవరూ అడగరు. పెల్ గ్రాంట్‌కి (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం) పై వయసు పరిమితి అసలే లేదు. 2025-26లో గరిష్ఠం 7,395 డాలర్లు.

అడ్డం వచ్చేది మీరు చివర్లో అడిగిన బీకామే. బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నవాళ్లకు పెల్ లేదు. కాలిఫోర్నియా రాష్ట్రం ఇచ్చే క్యాల్ గ్రాంట్ కూడా లేదు. ఆ డిగ్రీ విదేశంలో చదివిందైనా అదే రూలు. ఫాఫ్సాలో ఈ ప్రశ్న సూటిగానే ఉంటుంది: ఈ విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటుందా అని. అవును అని టిక్ పెట్టిన క్షణంలో పెల్ దారి మూసుకుంటుంది. విద్యా రుణాలు మాత్రం దొరుకుతాయి.

ఉప్పల్_టు_ఫ్రీమాంట్
8 నవంబర్ 2025, ఉదయం 10:20

మూడేళ్ల బీకాం ఇక్కడ బ్యాచిలర్స్ కాదు కదా, నాలుగేళ్లు ఉండాలి. "లేదు" అని టిక్ పెట్టి ముందుకెళ్లడమే. అందరూ చేసేది అదే.

ఫైలుపట్టు
8 నవంబర్ 2025, ఉదయం 10:47

అందరూ చేసేది అదే, కొందరు తిరిగి కట్టేదీ దాన్నే. ఆ నిర్ణయం విద్యార్థి చేతిలో లేదు. ఫెడరల్ రూలు ఏం చెబుతుందంటే, విదేశీ డిగ్రీ అమెరికా కొలతల్లో సరిగ్గా అమరదు కాబట్టి అది ఇక్కడి బ్యాచిలర్స్‌తో సమానమా కాదా అన్నది కాలేజీయే తేల్చాలి. సమానం కాదని విద్యార్థి లిఖితపూర్వకంగా ఆధారం చూపిస్తే, డిగ్రీ లేనట్టే కాలేజీ పరిగణించవచ్చు. "పరిగణించవచ్చు" అన్న మాట గమనించండి, చేసి తీరాలని లేదు.

ఆ ఆధారం సాధారణంగా క్రెడెన్షియల్ ఈవాల్యుయేషన్ రిపోర్టే, అంటే విదేశీ డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో చెప్పే కాగితం. అందులో "మూడేళ్ల అండర్‌గ్రాడ్యుయేట్ చదువుకు సమానం" అని ఉంటే పని జరిగే అవకాశం ఎక్కువ. "బ్యాచిలర్స్ డిగ్రీకి సమానం" అని ఉంటే ఇక అక్కడితో అయిపోయినట్టే. మన డిగ్రీలతో ఉన్న చిక్కు ఏమిటంటే, కాలేజీ న్యాక్ గ్రేడు, వచ్చిన డివిజను చూసి కొన్ని మూల్యాంకన సంస్థలు మూడేళ్ల డిగ్రీని కూడా పూర్తి బ్యాచిలర్స్‌గా లెక్కగడతాయి. ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం బంగారం. పెల్ దగ్గర అదే కాగితం గుదిబండ.

ఇంకొకటి. ఉద్యోగం కోసం గతంలో ఒక రిపోర్టు తీయించి అది అడ్మిషన్స్ ఫైల్లో చేరి ఉంటే, ఇప్పుడు వేరే సంస్థ నుంచి అనుకూలమైన రిపోర్టు తెచ్చి ఎయిడ్ ఆఫీసుకి ఇచ్చినా లాభం లేదు. ఒకే కాలేజీలో రెండు చోట్ల రెండు రకాల సమాచారం ఉంటే, డబ్బు విడుదల చేసే ముందు ఆ తేడా తేల్చడం ఎయిడ్ ఆఫీసు బాధ్యత. అక్కడ దొరికిపోతారు.

శాన్‌హోసే_సీత
8 నవంబర్ 2025, ఉదయం 11:30

ఫైలుపట్టు గారి మాటకు అడ్మిషన్ వైపు నుంచి ఒక చేర్పు. సీఎస్‌యూ అడ్మిషన్‌కి వేసే క్యాల్ స్టేట్ అప్లై ఫారంలో చదివిన కాలేజీలన్నీ రాయాలి, ఇండియాది కూడా. "ఆ క్రెడిట్లు నాకు అక్కర్లేదు" అని వదిలేస్తే, తర్వాత తెలిసినప్పుడు అడ్మిషనే రద్దు చేయొచ్చు. రాస్తే ఇంకో భయం: ఆమెని "సెకండ్ బ్యాకలారియెట్" (రెండో బ్యాచిలర్స్) అభ్యర్థిగా వేస్తారేమోనని. ఆ వర్గానికి చాలా క్యాంపస్‌లు చాలా మేజర్లలో తలుపులే తెరవవు. కాబట్టి ఈవాల్యుయేషన్ రిపోర్టు అడ్మిషన్స్‌కి, ఎయిడ్ ఆఫీసుకి ఒకటే వెళ్లాలి, ఒకేసారి వెళ్లాలి.

గడువు గుర్తుపెట్టుకోండి: 2026 ఫాల్‌కి ప్రాధాన్య గడువు డిసెంబర్ 1. ఒక్కో క్యాంపస్‌కి 70 డాలర్లు. ఆదాయాన్ని బట్టి నాలుగు క్యాంపస్‌ల దాకా ఫీజు మాఫీ ఉంది, అది ఫారం లోపలే లెక్కగడుతుంది.

మంజీర_2
8 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:15

రిపోర్టు ఇంతవరకు ఎక్కడా తీయించలేదు. అయితే ముందు రిపోర్టా, ముందు ఫాఫ్సానా?

ఫైలుపట్టు
8 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:40

ముందు మీ కమ్యూనిటీ కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి ఒక మెయిలు. "మూడేళ్ల ఇండియన్ డిగ్రీ ఉంది, పెల్ అర్హత విషయంలో మీరు దీన్ని ఎలా తేలుస్తారు, ఏ సంస్థల ఈవాల్యుయేషన్ ఒప్పుకుంటారు" అని. కొన్ని ఆఫీసులకు సొంత జాబితా ఉంటుంది. ఆ జాబితాలో లేని సంస్థకు డబ్బు కట్టి రెండోసారి తీయించాల్సిరావడం చాలా మామూలుగా జరిగే నష్టం. జవాబు మెయిల్లోనే రావాలి, కౌంటర్ దగ్గర నోటిమాటగా కాదు. తర్వాత యూనివర్సిటీ మళ్లీ సొంతంగా తేలుస్తుంది, వీళ్ల నిర్ణయానికి వాళ్లు కట్టుబడి ఉండక్కర్లేదు. అయినా చేతిలో ఒక కాగితం ఉండటం మేలే.

కృష్ణాతీరం
8 నవంబర్ 2025, సాయంత్రం 6:05

బీటెక్ ఉన్నవాళ్ల సంగతి?

ఫైలుపట్టు
8 నవంబర్ 2025, సాయంత్రం 6:21

నాలుగేళ్లది కాబట్టి ఆ చర్చే రాదండీ. పెల్ లేదు, క్యాల్ గ్రాంట్ లేదు. డైరెక్ట్ లోన్లు (ఫెడరల్ విద్యా రుణాలు) ఉన్నాయి, పన్ను క్రెడిట్ ఉంది, అంతే.

నిదానం
8 నవంబర్ 2025, రాత్రి 8:50

ఇక్కడ ఎవరూ క్యాల్ గ్రాంట్ లోపలి మెలిక చెప్పలేదు. ఈ కేసులో పెల్ కన్నా పెద్ద మొత్తం దాని దగ్గరే ఉంది.

ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల కోసమని ఒక క్యాల్ గ్రాంట్ ఉంది. పేరు చూసి అది మనదే అనుకుంటారు. కానీ దానికి అవార్డు ఏడాది డిసెంబర్ 31 నాటికి 28 నిండకూడదు, పైగా కాలిఫోర్నియా హైస్కూలు సంబంధం కావాలి. ఇంటర్ విజయవాడలోనో వరంగల్‌లోనో చదివి నలభైలో ఉన్న మనిషికి అది మూసిన తలుపు.

తెరిచిన తలుపు వేరే. 2021-22 నుంచి కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు వయసు నిబంధన, హైస్కూలు అయి ఎన్నేళ్లయింది అన్న నిబంధన రెండూ ఎత్తేశారు. కమ్యూనిటీ కాలేజీలో ఉండగా ఆ అవార్డు వస్తే, యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) సీఎస్‌యూకో మారినప్పుడు అది వెంట వస్తుంది. అంటే యూనివర్సిటీలో చేరాక అడిగితే రానిది, చేరకముందు అడిగితే వస్తుంది. చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. యూనిట్‌కి 46 డాలర్ల ఫీజు ప్రామిస్ గ్రాంట్ కింద ఎలాగూ మాఫీ అవుతుంది కదా, ఇంకా ఫాఫ్సా ఎందుకని ఊరుకుంటారు.

పిల్లలున్నవాళ్లకు ఇంకో మాట. 18 లోపు పిల్లల్ని పోషిస్తున్న క్యాల్ గ్రాంట్ ఏ, బీ రకాల విద్యార్థులకు ప్రభుత్వ కాలేజీల్లో ఏడాదికి 6,000 డాలర్ల దాకా ఖర్చులకు విడిగా ఇస్తారు. ఫీజుకి కాదు, చేతికి. తక్కువ యూనిట్లు తీసుకుంటే తగ్గుతుంది.

మంజీర_2
8 నవంబర్ 2025, రాత్రి 9:18

అయితే ఈ ఏడాదికి ఇప్పుడు వేస్తే?

నిదానం
8 నవంబర్ 2025, రాత్రి 9:33

కమ్యూనిటీ కాలేజీలకు ఉన్న రెండో గడువు సెప్టెంబర్ 2. ఈ ఏడాదిది దాటిపోయింది. తర్వాతి గడువు 2026 మార్చి 2, అది 2026-27కి. కానీ ఆమె 2026 ఫాల్‌కి సీఎస్‌యూలో ఉంటే కమ్యూనిటీ కాలేజీ విద్యార్థి కాదు. అప్పుడు మిగిలేది సంఖ్యకు పరిమితి ఉన్న పోటీ క్యాల్ గ్రాంట్. దానికి వయసు అడ్డు లేదు, వస్తుందన్న భరోసా కూడా లేదు.

ఇంకో దారి, 2026 ఫాల్ కూడా కమ్యూనిటీ కాలేజీలోనే పూర్తి చేసి, అవార్డు అక్కడ తీసుకుని, 2027 స్ప్రింగ్‌లో మారడం. ఒక సెమిస్టర్ ఆలస్యం. పిల్లల భత్యం పూర్తిగా వస్తే రెండేళ్లలో 12,000 దాకా తేడా.

శాన్‌హోసే_సీత
8 నవంబర్ 2025, రాత్రి 10:10

నిదానం గారూ, లెక్క బాగుంది కానీ ఆ దారిలో గుంతలు ఉన్నాయి. స్ప్రింగ్ అడ్మిషన్లు అన్ని సీఎస్‌యూ క్యాంపస్‌లూ ఇవ్వవు, ఇచ్చినా అకౌంటింగ్ లాంటి కిక్కిరిసిన మేజర్‌కి ఇవ్వకపోవచ్చు. 60 యూనిట్లు అయిపోయాక ఆ ఫాల్ సెమిస్టర్‌లో ఏం చదువుతారు? డిగ్రీకి పనికిరాని క్లాసులకు ఫెడరల్ ఎయిడ్ లెక్కకు రాదు.

పైగా సీఎస్‌యూ ట్యూషన్ 2026-27లో 6,838 డాలర్లు. క్యాల్ గ్రాంట్ రాని పేద విద్యార్థికి స్టేట్ యూనివర్సిటీ గ్రాంట్ ఉంది, మిడిల్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది. రెండోదానికి ఆదాయ పరిమితి రెండు లక్షల డాలర్ల పైనే, వయసు లేదు, విడిగా ఫారం లేదు, మార్చి 2లోపు ఫాఫ్సా పడితే చాలు. కమ్యూనిటీ కాలేజీలో మామూలు విద్యార్థికి అది రాదు, యూనివర్సిటీలో చేరాకే. కాబట్టి ట్యూషన్ గండం ఎలాగో గట్టెక్కుతుంది. నిజమైన తేడా ఆ పిల్లల భత్యమే. దానికోసం ఆరు నెలల జీతం వదులుకోవడం నాకైతే లాభసాటిగా కనపడదు.

నిదానం
8 నవంబర్ 2025, రాత్రి 10:31

జీతం మాట ఒప్పుకుంటా. అయితే 48 యూనిట్ల దగ్గర ఉన్నవాళ్లకే ఈ చిక్కు. ఇది చదువుతున్నవాళ్లలో ఇప్పుడే 12, 15 యూనిట్ల దగ్గర ఉన్నవాళ్లుంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా మార్చి 2లోపు వేయండి. మీకు ఆలస్యం లేకుండానే వస్తుంది. ఏ, బీ రెంటికీ ఆదాయ, ఆస్తి పరిమితులు వేరు. కుటుంబ సైజు ప్రకారం స్టూడెంట్ ఎయిడ్ కమిషన్ ఏటా పట్టిక పెడుతుంది, అందులో మీ వరస చూసుకోండి.

అవార్డు వచ్చి యూనివర్సిటీకి మారినప్పుడు వెబ్‌గ్రాంట్స్ (క్యాల్ గ్రాంట్ ఆన్‌లైన్) ఖాతాలోకి వెళ్లి కాలేజీ పేరు మార్చాలి. ఫాఫ్సాలో కొత్త కాలేజీ కోడు చేర్చాం కదా అని వదిలేస్తే అవార్డు పాత కాలేజీ పేరు మీదే కూర్చుంటుంది, యూనివర్సిటీ బిల్లులో సున్నా కనపడుతుంది.

లెక్కల_పంతులు
9 నవంబర్ 2025, ఉదయం 7:40

ఆస్తుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్లాటు, ఎన్ఆర్ఈ డిపాజిట్లు రెండూ ఫాఫ్సాలో చూపించాలి. ఉంటున్న ఇల్లు, 401కే, ఐఆర్ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాలు లెక్కలోకి రావు. ఇండియాలో ఉన్నంతమాత్రాన ఏదీ మినహాయింపు కాదు. ఫారం సంతకం పెట్టిన రోజున మార్కెట్ విలువ ఎంత, దాని మీద అప్పెంత, మిగిలిందెంత, అదే రాయాలి. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న ప్రభుత్వ విలువ కాదు.

నాన్నగారి పేరు మీద ఉండి ఇంకా పంపకాలు కాని ఆస్తి మీది కాదు, రాయక్కర్లేదు. ఇద్దరన్నదమ్ముల పేరు మీద రిజిస్టరైతే మీ సగం రాయాలి. ఊళ్లో కౌలుకిచ్చిన పొలం కూడా పెట్టుబడే. 2026 జూలై నుంచి కుటుంబ పొలానికి మినహాయింపు తిరిగొస్తున్న మాట నిజమే, కానీ అది కుటుంబం నివాసం ఉండే పొలానికి. ఫ్రీమాంట్‌లో ఉంటూ తెనాలి దగ్గర మాగాణి మాది అంటే కుదరదు.

ఇక్కడ ఊరటనిచ్చేది ఒకటుంది. పిల్లలున్న ఇండిపెండెంట్ విద్యార్థి ఆస్తుల్లో లెక్కకు వచ్చేది 7 శాతమే. పిల్లలు లేకపోతే 20 శాతం. నికర విలువ 50,000 డాలర్లు అనుకుంటే ఒకరికి 3,500, ఇంకొకరికి 10,000.

అసలు ఆస్తుల ప్రశ్నే రాకుండా పోయే సందర్భాలున్నాయి. గత రెండేళ్లలో మెడికెయిడ్, స్నాప్, డబ్ల్యూఐసీ, స్కూల్లో ఉచిత భోజనం లాంటి తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ సాయాలు కుటుంబంలో ఎవరికైనా వచ్చి ఉంటే ఒకటి. ఆదాయం 60,000 లోపు ఉండి పన్ను రిటర్న్‌లో కొన్ని షెడ్యూళ్లు (అనుబంధ ఫారాలు) లేకపోతే రెండోది. మనవాళ్లు రెండోదాంట్లో తప్పిపోతారు, ఎందుకంటే విదేశీ ఖాతా ఉంటే షెడ్యూల్ బీ వేయాలి, ఎన్ఆర్ఈ వడ్డీ ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ ఆదాయమే. షెడ్యూల్ బీ ఉందంటే ఆ మినహాయింపు పోయినట్టే.

మంజీర_2
9 నవంబర్ 2025, ఉదయం 8:25

2024 ఆదాయం 84,000 చూసి, ఇప్పుడు జీతమే లేదని వాళ్లకెలా తెలుస్తుంది?

ఫైలుపట్టు
9 నవంబర్ 2025, ఉదయం 9:10

తెలియదండీ, మీరే చెప్పాలి. ఫాఫ్సాలో అంకె మార్చకూడదు, అది ఐఆర్ఎస్ (పన్ను శాఖ) నుంచి నేరుగా వస్తుంది. మామూలుగా ఫాఫ్సా వేసి, తర్వాత ఎయిడ్ ఆఫీసులో "ప్రొఫెషనల్ జడ్జిమెంట్" అడగాలి, అంటే మారిన పరిస్థితిని బట్టి లెక్క సవరించమని. కాలేజీ వెబ్‌సైట్‌లో స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్ అప్పీల్ అన్న పేరుతో ఫారం ఉంటుంది.

పెట్టాల్సిన కాగితాలు: ఉద్యోగం తీసేసిన ఉత్తరం తేదీతో సహా, చివరి పేస్టబ్, సెవెరెన్స్ (ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) వచ్చి ఉంటే దాని మొత్తం, ఈడీడీ (రాష్ట్ర ఉపాధి శాఖ) నిరుద్యోగ భృతి లెటరు, రాబోయే పన్నెండు నెలల ఆదాయం అంచనా ఒక పేజీ. భృతి కాగితం 90 రోజుల కన్నా పాతది కాకుండా చూసుకోండి, ఆ గడువులో ఉంటే దాన్ని ఆధారంగా తీసుకుని జీతం ఆదాయాన్ని సున్నా దాకా కూడా తగ్గించొచ్చు. కాలిఫోర్నియాలో భృతి వారానికి 450 డాలర్లు మించదు, మామూలుగా 26 వారాలు, అంటే పూర్తిగా వచ్చినా 11,700. 84,000 ఎక్కడ, ఇది ఎక్కడ.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, సెవెరెన్స్ దాచిపెడతారు. కంపెనీ ఏటా ఇచ్చే జీతం ఫారం డబ్ల్యూ-2లో అది కనపడుతుంది. రెండోది, కమ్యూనిటీ కాలేజీ చేసిన సర్దుబాటు యూనివర్సిటీకి బదిలీ కాదు, అక్కడ మళ్లీ మొదటి నుంచి వేయాలి. మూడోది, ఎయిడ్ ఆఫీసు కాదంటే దాని మీద వాషింగ్టన్‌కి అప్పీలు లేదు. అందుకే మొదటి ఫైలే నిండుగా ఉండాలి.

అదే ఫారంలో, లేదా పక్క ఫారంలో, పిల్లల డే కేర్ ఖర్చు, కంప్యూటర్ కొన్న ఖర్చు చేర్చమని అడగండి. గ్రాంటు పెరుగుతుందని కాదు, చదువు ఖర్చు మొత్తం పెరిగితే ఇతర సాయానికి పైన చోటు దొరుకుతుంది.

కృష్ణాతీరం
9 నవంబర్ 2025, ఉదయం 11:02

ఫాఫ్సా వేయడానికి స్టూడెంట్ ఎయిడ్ ఖాతా తెరిచేటప్పుడు పేరు విషయం చెప్పండి ఎవరైనా. మనవాళ్లకు అక్కడే సగం పొద్దు పోతుంది.

ఫైలుపట్టు
9 నవంబర్ 2025, ఉదయం 11:26

పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే. ఇంటిపేరు ముందా వెనకా, "వెంకట" విడిగా ఉందా కలిపి ఉందా, అన్నీ. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసా మీద పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) పడి, పేరంతా లాస్ట్ నేమ్ గడిలోకి పోయినవాళ్లు మనలో తక్కువేం కాదు. కార్డు ఒకలా, గ్రీన్ కార్డు ఒకలా ఉంటే ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లి ఎస్ఎస్-5 ఫారంతో సరిచేయించుకుని, ఆ తర్వాతే ఖాతా.

గ్రీన్ కార్డు మీదున్న "ఏ-నంబరు" (ఏలియన్ నంబరు) తొమ్మిది అంకెలు వేయాలి. ఎనిమిదే ఉంటే ముందు సున్నా. ఇమిగ్రేషన్ సరిపోలిక మొదటిసారి తప్పితే కంగారు వద్దు, కాలేజీ మరో దఫా పరిశీలనకి పంపుతుంది, గ్రీన్ కార్డు రెండు వైపులా కాపీ అడుగుతుంది. కాస్త సమయం పడుతుంది, ఆఖరి నిమిషంలో వేసి ఫీజు గడువు ముందు కంగారుపడే కన్నా ఇప్పుడే వేయడం అందుకే.

కొత్తగా సిటిజన్ అయినవాళ్లకు ఇంకో తలనొప్పి: సోషల్ సెక్యూరిటీ రికార్డులో పౌరసత్వం అప్‌డేట్ కాకపోతే ఫాఫ్సాలో సరిపోలదు.

జాయింట్ రిటర్న్ వేశారు కాబట్టి భర్త విడిగా ఖాతా తెరిచి చేరాల్సిన పని లేదు. విడివిడిగా వేసి ఉంటే ఆయన కూడా చేరి, పన్ను వివరాలు తెచ్చుకోవడానికి సమ్మతి ఇవ్వాలి. ఆ సమ్మతి లేకపోతే స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ (సాయం ఎంతో తేల్చే అంకె) లెక్కే కట్టరు, సాయం సున్నా. ఆరు నెలలకు వచ్చి వెళ్లే అత్తగారూ మామగారూ కుటుంబ సైజులోకి రారు, అక్కడ ఆశపడొద్దు.

ఉప్పల్_టు_ఫ్రీమాంట్
9 నవంబర్ 2025, మధ్యాహ్నం 1:15

హెచ్‌4 ఈఏడీ (హెచ్‌1బీ వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వర్క్ పర్మిట్) ఉన్నవాళ్లకు? ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్ ఉన్నవాళ్లకు?

శాన్‌హోసే_సీత
9 నవంబర్ 2025, మధ్యాహ్నం 1:28

ఇద్దరికీ ఫెడరల్ సాయం లేదు. వర్క్ పర్మిట్ వేరు, అర్హత వేరు. గ్రీన్ కార్డు చేతికి వచ్చాకే, అది రెండేళ్ల షరతుల కార్డైనా సరే. హెచ్‌4 వాళ్లకు కాలిఫోర్నియాలో ఏడాది నివాసం నిరూపిస్తే రెసిడెంట్ ఫీజు దొరుకుతుంది, అదే పెద్ద ఊరట. చదువు మధ్యలో కార్డు వస్తే ఆ సంవత్సరమే ఫాఫ్సా వేయొచ్చు.

నిదానం
9 నవంబర్ 2025, మధ్యాహ్నం 3:40

యూనిట్లు తగ్గితే ఏమవుతుందో రాస్తున్నా. ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లు తొమ్మిదితోనో ఏడుతోనో సరిపెట్టుకుంటారు కాబట్టి.

పెల్ ఇప్పుడు యూనిట్ల శాతం ప్రకారం. 12 అంటే వంద శాతం, 9 అంటే 75, 7 అంటే 58. పూర్తి అర్హత ఉన్నవాళ్లకు సెమిస్టర్‌కి 3,697 అనుకుంటే, తొమ్మిదికి సుమారు 2,773, ఏడుకి 2,145. డైరెక్ట్ లోన్లకు కనీసం ఆరు యూనిట్లుండాలి. 2026 జూలై 1 నుంచి లోన్ పరిమితి కూడా యూనిట్ల దామాషాలో తగ్గుతుంది. మూడో సంవత్సరం ఇండిపెండెంట్ విద్యార్థికి ఏడాదికి 12,500, అందులో సబ్సిడీది 5,500. ఏడాదంతా తొమ్మిదేసి తీసుకుంటే ఆ 12,500 కాస్తా 9,375 అవుతుంది. చేతికొచ్చేటప్పుడు 1.057 శాతం రుసుము కోస్తారు.

కమ్యూనిటీ కాలేజీలో ఎన్ని యూనిట్లున్నా లోన్ దగ్గర మీరు రెండో సంవత్సరమే, 10,500 దాటదు. కానీ అక్కడ లోన్ తీసుకోవద్దనే నా సలహా. జీవితకాల పరిమితి 57,500, అది యూనివర్సిటీ రెండేళ్లకు దాచుకోండి.

మధ్యలో మానేస్తే: 15 వారాల సెమిస్టర్ 105 రోజులనుకుంటే 63వ రోజు దాటాలి, అప్పుడే మొత్తం సాయం మీది. నలభయ్యో రోజున అన్ని క్లాసులూ వదిలేస్తే సుమారు 38 శాతమే మీది, మిగతాది వెనక్కి లెక్కగడతారు. కాలేజీకి బాకీ పడితే ట్రాన్స్‌ఫర్ సమయంలో అదే కాళ్లకు అడ్డం పడుతుంది.

ఫైలుపట్టు
9 నవంబర్ 2025, సాయంత్రం 5:02

దీనికి తోడు ఎస్ఏపీ, అంటే చదువు సాగుతోందా లేదా అన్న పరీక్ష. సాధారణంగా జీపీఏ 2.0, తీసుకున్న యూనిట్లలో 67 శాతం పాస్, డిగ్రీకి కావలసిన యూనిట్లలో 150 శాతం దాటకూడదు. 120 యూనిట్ల డిగ్రీ అంటే 180.

ఇక్కడ బీకాం మళ్లీ తలెత్తుతుంది. ఆ మూడేళ్ల క్రెడిట్లు సీఎస్‌యూ 80, 90 దాకా అంగీకరించిందనుకోండి. కమ్యూనిటీ కాలేజీవి 60. చేరిన రోజే 150 అయ్యాయి, ఇంకా 60 చదవాలి. 30 యూనిట్లకే గోడ. డిగ్రీకి పనికొచ్చేవిగా అంగీకరించినవే లెక్కలోకి రావాలి, కానీ సిస్టమ్ ముందు అన్నీ కలిపేస్తుంది. అడ్వయిజర్‌తో మిగిలిన కోర్సుల ప్లాన్ సంతకం చేయించి అప్పీలు పెడితే సరిచేస్తారు. గోడ తగిలాక కాదు, మొదటి సెమిస్టర్‌లోనే అడగాలి.

లెక్కల_పంతులు
9 నవంబర్ 2025, రాత్రి 7:55

పన్ను వైపు ఒకే విషయం, కానీ డబ్బున్న విషయం. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (కట్టిన కాలేజీ ఫీజుకి పన్నులో తగ్గింపు) ఏడాదికి 2,500 దాకా, ఒక విద్యార్థికి నాలుగు పన్ను సంవత్సరాలే. నాలుగేళ్లు ఎలా కరిగిపోతాయో చూడండి: 2024, 2025 కమ్యూనిటీ కాలేజీ, 2026 సగం సగం, 2027 యూనివర్సిటీ, 2028 స్ప్రింగ్. ఐదు పన్ను సంవత్సరాలు, నాలుగే టికెట్లు.

కమ్యూనిటీ కాలేజీలో 24 యూనిట్లకు 1,104 డాలర్లే ఫీజు. అక్కడ ఒక టికెట్ వాడితే వచ్చేది 1,104. యూనివర్సిటీ ఏడాదికి వాడితే 2,500. కాబట్టి చిన్న ఏడాదికి లైఫ్‌టైమ్ లర్నింగ్ క్రెడిట్ తీసుకోవడం మేలు, 20 శాతం, అంటే 221. మాఫీ అయిన ఫీజుకి ఏదీ లేదు, కట్టనిదానికి క్రెడిట్ ఉండదు.

యూనివర్సిటీలో గ్రాంటులే ఫీజంతా కట్టేస్తే క్రెడిట్ మిగలదనుకుంటారు. పెల్‌ని ఖర్చులకు వాడినట్టు చూపించి, అంత మేర దాన్ని ఆదాయంలో కలిపి, ఫీజు చేతినుంచి కట్టినట్టు క్రెడిట్ తీసుకునే వీలు చట్టంలోనే ఉంది. 4,000 దాకా లాభం, అది దాటితే నష్టం. ఇద్దరు పిల్లలు, తక్కువ ఆదాయం ఉన్న ఇంట్లో రెండు రకాలుగానూ లెక్కేసి చూడాల్సిందే.

శాన్‌హోసే_సీత
9 నవంబర్ 2025, రాత్రి 8:30

స్కాలర్‌షిప్‌లు: ఓషర్ రీఎంట్రీ అని ఒకటుంది, కొన్ని యూనివర్సిటీల్లో. వయసు 25 నుంచి 50, చదువులో మొత్తం ఐదేళ్ల విరామం, మొదటి బ్యాచిలర్స్. మళ్లీ అదే బీకాం తీర్పు. 35 దాటిన, ఆదాయం తక్కువున్న మహిళలకు జీనెట్ రాంకిన్ గ్రాంటు ఉంది. ఫై థీటా కప్పాలో (కమ్యూనిటీ కాలేజీల ఆనర్స్ సొసైటీ) 3.5 జీపీఏతో చేరితే ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకే పరిమితమైనవి కొన్ని కాలేజీల్లో దొరుకుతాయి, 3.6 ఉంది కాబట్టి ఇప్పుడే చేరండి.

మంజీర_2
10 నవంబర్ 2025, ఉదయం 8:12

అందరికీ కృతజ్ఞతలు. 2026 ఫాల్‌కే వెళ్లాలని నిర్ణయం, ఫాఫ్సా ఈ వారమే. ఎయిడ్ ఆఫీసుకి మెయిలు ఇలా రాశాం, చూసి చెప్పండి:

"నేను 2026 ఫాల్‌లో సీఎస్‌యూకి మారబోతున్నాను. నాకు ఇండియా నుంచి మూడేళ్ల బీకాం ఉంది, అది బ్యాచిలర్స్ డిగ్రీ కాదు. 2026-27 ఫాఫ్సాలో నేను 'లేదు' అని రాయవచ్చా? మా కుటుంబ పరిస్థితి ప్రస్తుతం చాలా కష్టంగా ఉంది, దయచేసి సహాయం చేయగలరు."

ఫైలుపట్టు
10 నవంబర్ 2025, ఉదయం 8:40

"అది బ్యాచిలర్స్ డిగ్రీ కాదు" అన్న ముక్క తీసేయండి, ఆ మాట వాళ్ల నోట రావాలి. దాని బదులు "సమానమా కాదా అన్నది మీరు ఎలా నిర్ణయిస్తారు, ఏ ఈవాల్యుయేషన్ సంస్థలు ఒప్పుకుంటారు" అని పెట్టండి. కష్టం గురించిన వాక్యం ఇక్కడ వద్దు, అది అప్పీల్ ఫారంలోకి, కాగితాలతో. బీకాం మార్కుల మెమోలు, ప్రొవిజనల్ స్కాన్ జతచేయండి. సబ్జెక్ట్ లైన్లో స్టూడెంట్ ఐడీ నంబరు ఉండాలి, లేకపోతే ఆ మెయిలు ఎవరి ఫైల్లోనూ పడదు.